కాల్వకు లెక్క వుంది, పంటకు లెక్క ఏదీ?

సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగి వచ్చిందంటే పాత తగవే మళ్ళీ మొదలవుతుంది. "వంతు ప్రకారం నీరు వదిలాం" అంటారు అధికారులు. "మా మడికి చుక్క రాలేదు" అంటారు చివరి భూముల రైతులు. పత్రికల్లో రెండు మాటలూ పక్కపక్కనే అచ్చవుతాయి. రాస్తారోకో జరుగుతుంది. ఇంజనీర్లు వచ్చి హామీ యిస్తారు. నాలుగు రోజులు నీరు వస్తుంది. ఐదో రోజు మళ్ళీ మామూలే.

విచిత్రమేమిటంటే, ఈ తగవులో ఇద్దరూ అబద్ధం చెప్పటం లేదు. అధికారి చెప్పేది కాల్వ తల దగ్గర గేజీ చూపిన లెక్క. రైతు చెప్పేది తన కాళ్ళ కింద నెర్రెలిచ్చిన మడి లెక్క. ఈ రెండింటికీ నడుమ మైళ్ళ తరబడి కాల్వ, దాని మేజర్లు, మైనర్లు, తూములు, పిల్ల కాల్వలు వున్నాయి. వదిలిన నీటిలో ఏ తూము కింది పంట ఎంత తాగిందో చెప్పే కాగితం రైతు కంటికి కనిపించదు. పంట ఎండినప్పుడు రైతు చేతిలో రుజువు వుండదు. ఎండిన గంటలు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కటమే అతనికి మిగిలిన దారి.

ఆ కాగితం తయారు చేసే విద్య నేడు వచ్చింది. పొలం మీదుగా పోయే ఉపగ్రహాలు తీసిన చిత్రాలను బట్టి ఏ మడి నుంచి ఎంత నీరు ఆవిరి అయిందో లెక్క కట్టవచ్చు. ఆ లెక్క శాస్త్రజ్ఞుల గదుల్లో ఆగిపోకుండా తూము దగ్గరికి రావాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కోదాడ వైపు ఒక మైనరు చివరన పొలం గట్టు మీద కూర్చున్నప్పుడు ఒక రైతు నన్ను అడిగాడు. "తమ్ముడూ, సెల్లుల జూసిన. సాటిలైటు పైకెల్లి జూసి మన పొలం ఎన్ని నీళ్ళు తాగిందో చెప్తదంట. నిజమేనా?"

"చాలా మట్టుకు నిజమే అన్నా" అన్నాను.

ఆయన కాసేపు కాల్వ వైపు చూసి, "మరి తాగలేదని గూడ చెప్తదా?" అన్నాడు.

పెద్ద చదువులు చదివిన వారు కూడా ఇంతకంటె సూటిగా అడగలేరు. ఆ ప్రశ్నకు జవాబు వెదకటానికే నాకు తెలిసినంతలో ఈ నాలుగు మాటలు.

ఆవిరి లెక్క అంటే ఏమిటి?

పొలానికి పెట్టిన నీరు మూడు దారుల్లో పోతుంది. కొంత భూమిలోకి ఇంకుతుంది. కొంత గట్టు దాటి వాగులోకో, కింది మడిలోకో పారుతుంది. మిగిలింది ఆవిరై పైకి పోతుంది. ఈ ఆవిరిలో రెండు భాగాలు. మడిలో నిలిచిన నీటి నుంచి, తడి నేల నుంచి పోయేది బాష్పీభవనం. వేరు పీల్చిన నీటిని ఆకు తన సన్నని రంధ్రాల గుండా వదిలేది బాష్పోత్సేకం. రెండూ కలిపి లెక్క వేస్తే పంట వినియోగించిన నీరు అంటారు. ఇంగ్లీషులో దాని పేరు ఇవాపోట్రాన్స్‌పిరేషన్. నోరు తిరగని మాట గనుక ఇక్కడ ఆవిరి లెక్క అనే పిలుద్దాం.

దీన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. అంటే ఇంచుమించు ఒక ట్రాక్టరు ట్యాంకరు. మార్చి ఎండల్లో నిండు పైరు మీద వున్న వరి మడి నుంచి రోజుకు ఆరు మిల్లీమీటర్లు పోయిందనుకుంటే, ఎకరానికి ఆరు ట్యాంకర్ల నీరు మన కళ్ళ ముందే కనిపించకుండా ఆకాశంలోకి పోయినట్లు. ఇది నష్టం కాదు. ఆకు నీరు వదలకపోతే గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకోలేదు. అది తీసుకోకపోతే గింజ గట్టిపడదు. ఆవిరి తగ్గిన పొలంలో గింజ కూడా తగ్గుతుంది. అందుకే పంట ఆవిరి లెక్క దిగుబడి లెక్కకు తోబుట్టువు.

ఈ కొలత కొత్తది కాదు. వాతావరణ కేంద్రాల్లో నాలుగడుగుల వెడల్పు గుండ్రటి ఇనుప పళ్ళెంలో నీరు పోసి రోజూ ఎంత తగ్గిందో కొలవటం పాత పద్ధతి. మట్టితో నింపిన తొట్టిని భూమిలో పాతి, అందులో పంట వేసి, పెట్టిన నీటికీ కిందికి దిగిన నీటికీ తేడా చూసే లైసీమీటరు మరొక పద్ధతి. 1948లో ఇంగ్లండులో పెన్‌మన్ అనే శాస్త్రవేత్త ఎండ, గాలి, తేమ, ఉష్ణోగ్రతలను బట్టి ఆవిరిని లెక్క గట్టే సూత్రం చెప్పాడు. దాన్ని మెరుగుపరచి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రపంచమంతటికీ ఒక పద్ధతి ప్రచురించింది. దాని ప్రకారం నీటికి కొదవ లేని పచ్చిక రోజుకు 5 మిల్లీమీటర్లు వదిలితే, నడి వయస్సు వరి 6 మిల్లీమీటర్లు వదులుతుంది.

అయితే ఇక్కడొక మెలిక వుంది. ఆ లెక్క పంటకు ఎంత కావాలో చెబుతుంది గాని, ఎంత అందిందో చెప్పదు. తల దగ్గరి మడికీ, చివరి మడికీ వాతావరణం ఒక్కటే గనుక రెండింటికీ ఒకే అంకె వస్తుంది. ఒకదానిలో కప్పలు అరుస్తుంటాయి, మరొకదానిలో నెర్రెలు విచ్చి వుంటాయి. సూత్రం దృష్టిలో రెండూ సమానమే!

బీడు కాలుతుంది, పైరు చల్లబరుస్తుంది

ఉపగ్రహం ఆదుకునేది ఇక్కడే. ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా బీడులో నడిస్తే పాదం కాలుతుంది. రెండడుగులు వేసి వరి మడిలోకి దిగితే ప్రాణం లేచి వస్తుంది. ఎండ రెండు చోట్లా ఒక్కటే. బీడులో ఆ ఎండ వేడి అంతా మట్టిని, గాలిని కాల్చటానికి ఖర్చయింది. మడిలో చాలా భాగం నీటిని ఆవిరి చేయటానికి ఖర్చయింది. లీటరు నీరు ఆవిరి కావాలంటే, అదే లీటరును సున్నా డిగ్రీల నుంచి మరిగే దాకా కాచటానికి పట్టే వేడికి దాదాపు ఆరు రెట్లు కావాలి. కొత్త కుండలో నీరు చల్లబడటంలో వున్న రహస్యం కూడా ఇదే.

కాబట్టి పైనుంచి నేల వేడిని కొలవగలిగితే ఆవిరిని లెక్క గట్టవచ్చు. వచ్చిన ఎండలో నుంచి తిరిగి పైకి పోయినదీ, మట్టి మింగినదీ, గాలి వేడెక్కటానికి పోయినదీ తీసేస్తే మిగిలిన వేడి ఆవిరికి ఖర్చయినదే. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బాస్టియాన్సెన్ బృందం 1998లో 'సెబాల్' అనే పద్ధతిని ప్రచురించింది. చిత్రంలో బాగా కాలిన బీడును ఒక కొసగా, బాగా తడిసిన పచ్చటి పొలాన్ని మరొక కొసగా తీసుకుని, మిగతా భూములన్నిటినీ ఆ రెండింటి మధ్య తూచటం ఇందులోని కిటుకు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో దీన్నే దిద్ది 'మెట్రిక్' అనే పద్ధతి తయారు చేశారు. అక్కడి ప్రభుత్వ నీటి శాఖే దాన్ని వాడుకలోకి తెచ్చింది.

అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహాలు నేల వేడిని చిత్రిస్తున్నాయి. 8వది 2013లో, 9వది 2021లో ఎగిరాయి. రెండూ కలిసి ఎనిమిది రోజులకొకసారి మన పొలాల మీదుగా పొద్దుటిపూట పోతాయి. 2008 నుంచి ఈ చిత్రాలను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. పాతవి కూడా భద్రంగా వున్నాయి గనుక ముగిసిపోయిన యాసంగుల లెక్క సైతం వెనక్కి తిరగవేసి చూడవచ్చు. చివరి రైతుకు ఇది చిన్న సంగతి కాదు.

నీరు అందని మొక్క తన ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. ఆవిరి ఆగుతుంది. ఆకు వేడెక్కుతుంది. మన కంటికి పైరు ఇంకా పచ్చగానే కనిపిస్తున్నప్పుడే ఉపగ్రహానికి ఆ జ్వరం తెలుస్తుంది. కాబట్టి ఆ కోదాడ రైతు ప్రశ్నకు జవాబు, తాగలేదని కూడా చెబుతుంది. నిజానికి ఆ మాట చెప్పటంలోనే దాని గొప్పతనమంతా వుంది.

యంత్రం నేర్చుకునే చదువు

ఎనిమిది రోజులకొకసారి వచ్చే చిత్రంతో రోజు వారీ లెక్క ఎలా? మబ్బు పడితే ఎలా? ఈ ఖాళీలు పూడ్చటానికి మెషిన్ లెర్నింగ్ అనే కంప్యూటరు విద్యను వాడుతున్నారు.

దాన్ని మన భాషలో చెప్పుకోవాలంటే పాత లష్కరును గుర్తు చేసుకోవాలి. ఇరవై ఏళ్ళు కాల్వ గట్టున తిరిగిన లష్కరు పైరు రంగు, గాలి వాటం చూసి "ఈ తూము కింద ఎల్లుండికి తడి కావాలె" అనేవాడు. అతను ఏ సూత్రమూ చదవలేదు. వందల సార్లు చూశాడు, తప్పు చేశాడు, దిద్దుకున్నాడు. యంత్రం కూడా అంతే. లైసీమీటర్ల దగ్గర, పొలాల్లో నిలబెట్టిన పరికరాల స్తంభాల దగ్గర సరిగ్గా కొలిచిన ఆవిరి అంకెలను వేల రోజులవి దానికి యిస్తారు. ఆ రోజుల్లోని ఎండ, తేమ, గాలి, ఆకు పచ్చదనం, నేల వేడి కూడా యిస్తారు. వీటికీ ఆవిరికీ వున్న సంబంధాన్ని అది తనంతట తానే పట్టుకుంటుంది. తరువాత కొలత లేని చోట కూడా అంచనా చెబుతుంది.

ఇందులో మన రైతుకు పనికి వచ్చే ఇంకొక సంగతి వుంది. లాండ్‌శాట్ వేడిని కొలిచే గడి నూరు మీటర్లు పొడవు, నూరు మీటర్లు వెడల్పు. అంటే రెండున్నర ఎకరాలు. ఒక గడిలో ఇద్దరు ముగ్గురు రైతుల మళ్ళు కలిసిపోతాయి. యూరపు వారి సెంటినెల్-2 ఉపగ్రహానికి వేడి తెలియదు గాని, పచ్చదనాన్ని పది మీటర్ల గడిలో చూస్తుంది. అది నూరు చదరపు మీటర్లు. మన గుంట 101 చదరపు మీటర్లు. ఆ ఉపగ్రహం చూపు మన గుంట కొలతకు సరిపోయిందన్నమాట! గుంటల వారీ పచ్చదనాన్నీ, రెండున్నర ఎకరాల వేడినీ జోడించి చిన్న మడి లెక్క తేల్చే పని యంత్రం చేస్తుంది. మన ఇస్రో, ఫ్రాన్సు అంతరిక్ష సంస్థ కలిసి తయారు చేస్తున్న ఉపగ్రహానికి పేరు 'తృష్ణ'. పేరుకు తగినట్లే అది పంట దాహాన్ని చూడటానికి, అరవై మీటర్ల లోపు గడిలో నేల వేడిని మూడేసి రోజులకు కొలవటానికి ఉద్దేశించింది.

సగం పైకి, సగం కిందికి

ఇంత విద్య మనకెందుకు అనేవారు ఒక చిన్న లెక్క చూడాలి. ఒక టీఎంసీ నీటితో ఆరు వేల ఎకరాల వరి పండుతుందన్నది మన దగ్గర వాడుకలో వున్న మోటు లెక్క. దాన్ని ఎకరాలకు పంచితే ఎకరానికి 47 లక్షల లీటర్లు. మడిలో నిలబెడితే నాలుగడుగులకు కాస్త తక్కువ, అంటే 1,170 మిల్లీమీటర్లు. ఇక పైరు ఆవిరి రోజుకు సగటున 5 మిల్లీమీటర్ల చొప్పున 120 రోజులకు 600 మిల్లీమీటర్లు. అంటే పెట్టిన దానిలో ఇంచుమించు సగమే పంట వాడుకుంది. తక్కిన సగం భూమిలోకి దిగింది, వాగులోకి పారింది. రేగడిలో దిగేది తక్కువ, చలకలో ఎక్కువ.

ఆ సగం దండుగ అయిందని వెంటనే అనరాదు. ఇంకిన నీరు కింది బావిలో, బోరులో తేలుతుంది. వాగులో పారింది మూసీలోనో, కృష్ణలోనో మళ్ళీ కలుస్తుంది. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ కూడా ఈ సంగతి ఒప్పుకుంది. 1976లో అమలుకు వచ్చిన ఆ తీర్పులో ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు యిచ్చి, పొలాల నుంచి తిరిగి వచ్చే నీటి కింద మరో 11 కలిపి 811 చేశారు. శ్రీశైలం జలాశయంలో ఆవిరికే 33 టీఎంసీలు విడిగా రాశారు. రాష్ట్రాల తగాదాలో ఆవిరికీ, తిరిగి వచ్చే నీటికీ లెక్క వుంది. రైతుల తగాదాలో మాత్రం ఆ లెక్క లేదు. టీఎంసీల దగ్గర మొదలైన న్యాయం తూము దాకా దిగి రాలేదు.

మూడు ఊళ్ళు, మూడు లెక్కలు

1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ సాగర్ కాల్వలకు నీరు వదిలారు. ఎడమ కాల్వకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఆ నీరు ముందు మిర్యాలగూడ ప్రాంతాన్ని తడిపి, హుజూర్‌నగర్, కోదాడ వైపు సాగి, పాలేరు మీదుగా ఖమ్మం జిల్లాకు పోతుంది. 2016 అక్టోబరు దాకా మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట మూడూ నల్లగొండ జిల్లాలోనే వుండేవి. ఇప్పుడు మిర్యాలగూడ ఒక జిల్లా, కోదాడ ఒక జిల్లా. కాల్వకు ఈ సరిహద్దు తెలియదు గాని, తగవుకు తెలుస్తుంది.

మిర్యాలగూడ వైపు నీరు ముందు అందుతుంది. రైసు మిల్లులకు పేరు పడ్డ ప్రాంతం. ఆరుతడి పంటలకని కేటాయించిన భూముల్లో కూడా వరే కనిపిస్తుంది. అక్కడి రైతును దొంగ అనటం సులువు. కాని అతనూ భయపడుతున్నాడు. మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో నమ్మకం లేక, వచ్చినప్పుడే మడిని గట్టు దాకా నింపుకుంటాడు. ఎదుటి వారం నీరు తప్పక వస్తుందని రుజువు వుంటే ఏ రైతూ అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా కాయడు. ఆవిరి లెక్క తల దగ్గరి రైతుకు చెప్పేది ఇదీ: నీ పైరు ఇప్పటికే కడుపు నిండా తాగుతోంది, ఇంకా నింపితే భూమిలోకి పోయేదే గాని గింజలోకి పోదు.

కోదాడ వైపు తంటా వేరు. వంతుల పద్ధతిలో నీరు వదిలినప్పుడు కాల్వ నిండి చివరి మైనరుకు అందే సరికే వంతు ముగిసిపోతుంది. మా ఇంట్లో కూడా అలాంటి చివరి తూము కింద రెండెకరాలు వుంది. ఒక యాసంగిలో పొట్ట దశలో వున్న పైరుకు రెండు వంతులు తప్పాయి. మా నాయన వారం రోజులు రాత్రిళ్ళు కాల్వ మీదే పడుకున్నాడు. చివరికి ఎన్నులు తాలు పోతే పొలంలోకి పశువులను తోలాం. తరువాత నేను ఒక ఆఫీసుకు వెళ్ళి అడిగితే, ఆ మైనరుకు వంతు ప్రకారం నీరు అందినట్లు రిజిస్టరు చూపించారు. ఆ గుమాస్తా మీద నాకు కోపం రాలేదు. ఆయన దగ్గర వున్న కాగితం అదొక్కటే. నా దగ్గర అది కూడా లేదు.

2023లో కృష్ణకు సరైన వరద రాక సాగర్ నిండలేదు. 2024లో సాగర్ గేట్లు ఎత్తారు. సెప్టెంబరు 1న కుండపోత వానలకు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర ఎడమ కాల్వకే గండి పడింది. ఒక ఏడు కరువు, మరొక ఏడు వరద. రెండు ఏళ్ళలోనూ ఏ మడి ఎంత నష్టపోయిందో తేల్చటానికి మనుషుల నోటి మాటలే ఆధారం.

సూర్యాపేట కథ మరొకటి. ఈ ప్రాంతంలో మూసీ ప్రాజెక్టు 1963 నుంచి వుంది. దాని నిల్వ నాలుగున్నర టీఎంసీల లోపే. ఇంకొక వైపు శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వల్లో గోదావరి నీరు పోచంపాడు నుంచి వందల కిలోమీటర్లు నడిచి రావాలి. రెండూ అందని చోట బోరే దిక్కు. బోరు మోటారుకు మీటరు లేదు, పోసిన నీటికి కొలత లేదు. అక్కడ పంట నిజంగా ఎంత వాడుతోందో తెలుసుకునే సాధనం ఆవిరి లెక్క ఒక్కటే. ఎన్ని ఎకరాల వరికి భూమిలోని నీరు సరిపోతుందో ముందుగా తెలిస్తే, మార్చిలో బోరు ఎండి, మరో బోరు కోసం అప్పు చేసే గతి కొందరికైనా తప్పుతుంది.

అనుమానాలు పడవలసిందే

కొత్త విద్య అనగానే చప్పట్లు కొట్టరాదు. రైతు అడగవలసిన ప్రశ్నలు నాలుగు వున్నాయి.

మొదటిది, మబ్బు. నేల వేడిని చూసే కన్ను మబ్బు దాటి చూడలేదు. వానాకాలంలో నెలకు ఒక్క మంచి చిత్రం దొరకటం కూడా కష్టమే. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ వంటి రాడారు ఉపగ్రహాలు మబ్బులోంచి కూడా నేలను చూస్తాయి గాని, అవి చూసేది తడిని, పైరు పెరుగుదలను. వేడిని కాదు. అయితే మన తగవు ముదిరేది యాసంగిలో. అప్పుడు ఆకాశం నిర్మలంగానే వుంటుంది. కాబట్టి మొదలు పెట్టవలసింది యాసంగితోనే.

రెండవది, యంత్రం చదివిన బడి. వేరే దేశపు గోధుమ పొలాల్లో నేర్చుకున్న యంత్రం మన నీళ్ళు నిలిచిన వరి మడిని తప్పుగా చదవవచ్చు. నారు వేసిన కొత్తలో ఆకు లేకపోయినా మడి నీటి నుంచి ఆవిరి పోతూనే వుంటుంది. పచ్చదనం చూసి లెక్క గట్టే యంత్రం అక్కడ బోర్లా పడుతుంది. అందుకే కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన స్థానం, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల మన నేల మీద, మన వరిలో కొలిచిన అంకెలతో దాన్ని సరిచూడాలి. సరిచూడని లెక్కను రైతు నమ్మనక్కరలేదు.

మూడవది, నీరు ఎవరిదన్న ప్రశ్న. పైరు తాగిందని ఉపగ్రహం చెబుతుంది. ఆ నీరు కాల్వదో, బోరుదో, నిన్నటి వానదో చెప్పదు. చివరి రైతు అప్పు చేసి బోరు వేసి పైరు కాపాడుకుంటే, "చూడండి, కాల్వ నీరు అందింది" అని ఆ పచ్చదనాన్నే అతనికి ఎదురు సాక్ష్యంగా చూపే ప్రమాదం వుంది. తూము దగ్గర గేజీ లేకుండా, బోర్ల లెక్క లేకుండా ఉపగ్రహం లెక్క ఒంటికాలి మీద నిలబడ్డట్లే.

నాలుగవది అన్నిటికంటె పెద్దది. ఈ లెక్క ఎవరి చేతిలో వుంటుంది? అమెరికాలో 2021 అక్టోబరులో 'ఓపెన్ ఈటీ' పేరిట పడమటి రాష్ట్రాల పొలాల ఆవిరి లెక్కను అందరికీ తెరిచారు. ఒకే పద్ధతిని నమ్మకుండా ఆరు పద్ధతుల అంచనాలను పక్కపక్కన పెట్టి చూపుతున్నారు. రైతు తన పొలం లెక్క తానే చూసుకోవచ్చు. ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల కోసం ఆహార, వ్యవసాయ సంస్థ 2017 నుంచి 'వాపోర్' పేరిట ఇలాంటి లెక్కే అందరికీ యిస్తోంది. మన దగ్గర మాత్రం ఈ అంకెలు పై ఆఫీసులోనే ఆగిపోతే, రేపు "మీ పొలం ఎక్కువ తాగింది" అని నోటీసు యివ్వటానికే పనికి వస్తాయి. తాగని వాడికి న్యాయం చేయవలసిన కొలబద్ద తాగినవాణ్ణి కొట్టే కర్ర అవుతుంది.

రైతులకు ఇంత లెక్క అర్థం కాదనే వారికి ఒక మాట. పాత నల్లగొండతో సహా ఏడు జిల్లాల్లో 2000 తరువాతి దశాబ్దంలో ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో భూగర్భ జలాల పథకం ఒకటి నడిచింది. అందులో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, యాసంగికి ముందు ఊరంతా కూర్చుని ఏ పంటకు ఎంత నీరు పడుతుందో బడ్జెట్ వేశారు. మన రైతాంగానికి లెక్క రాదన్న మాట లెక్క చెప్పటం ఇష్టం లేనివారి సాకు మాత్రమే.

చేయవలసిన పని

హైదరాబాదు బాలానగర్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వుంది. రాజేంద్రనగర్‌లో నీటి యాజమాన్య శిక్షణ కోసమే పెట్టిన వాలంతరి వుంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం వుంది. విద్య కోసం మనం సముద్రాలు దాటనక్కరలేదు. కావలసింది నిర్ణయం.

మొత్తం కాల్వకు ఒకేసారి అక్కరలేదు. ఎడమ కాల్వ మీద మిర్యాలగూడ వైపు ఒక మేజరు, కోదాడ వైపు ఒక మేజరు, సూర్యాపేట వైపు శ్రీరాంసాగర్ కాల్వ ఒకటి ఎంపిక చేసి, ఒక్క యాసంగి నడిపి చూడాలి. ప్రతి వంతుకూ తూము వారీగా మూడు అంకెలు రాసిన బోర్డు కాల్వ గట్టున పెట్టాలి: తూముకు వదిలింది ఎంత, పంటకు కావలసింది ఎంత, పంట నిజంగా వాడుకున్నది ఎంత. తెలుగులో, ట్యాంకర్ల లెక్కలో రాస్తే బడికి పోని రైతుకు కూడా పక్కవాడు చదివి వినిపిస్తాడు. లెక్క తప్పనిపిస్తే రైతు ప్రశ్నించే వీలు, అధికారి పొలానికి వచ్చి చూసే బాధ్యత వుండాలి. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు బతికి వుంటే ఈ పని వాటిదే. ఎన్నికైన సంఘాలను మళ్ళీ నిలబెట్టి ఈ లెక్క వాటి చేతికి యివ్వాలి.

ఒక షరతు మాత్రం ముందే రాసి యివ్వాలి. మొదటి మూడు నాలుగేళ్ళు ఈ లెక్కను ఏ రైతుకూ నీరు కోయటానికి గాని, ఏ పథకం డబ్బు ఆపటానికి గాని వాడరాదు. ముందు నమ్మకం కుదరాలి. వరసగా రెండు వంతులు పైరు దాహంతో వున్నట్లు లెక్క చూపిన తూముకు మూడో వంతు ముందుగా నీరు యివ్వాలి. ఆ ఒక్క నియమం అమలైతే చాలు, ఈ విద్య మన గడ్డ మీద కాలు పెట్టినట్లే.

వచ్చే యాసంగిలోనూ కాల్వ మీద తగవు తప్పదు. వున్న నీరు తక్కువ, ఆశ ఎక్కువ. ఉపగ్రహం నీటిని పుట్టించదు. కాని ఎండిన మడి వున్న రైతు, ఎండిన గంటలు పట్టుకుని మెట్లెక్కే బదులు, "ఇదిగో మీ లెక్కే చెబుతోంది, నా పొలం తాగలేదు" అని నిలబడి అడగగలుగుతాడు. కోదాడ వైపు ఆ రైతు అడిగింది అంతే. మా నాయన వారం రాత్రులు కాల్వ మీద పడుకున్నప్పుడు ఆయనకు లేనిదీ అదే.